కుడి చేతిలో కత్తెర

బాబాయి అబద్ధమాడితే గోడ కట్టినట్టుండేది, సందు దొరికేది కాదు. కాకపోతే ఆ గోడ ఎంతోసేపు నిలిచేది కాదు. ఎదుటివాడు నమ్మి నాలుగడుగులు వేసేలోపే పొట్ట పట్టుకుని తనే నవ్వేసేవాడు. ఆయన ఫొటో స్టూడియోలో కూర్చున్నవాళ్ళంతా ఎప్పుడో ఒకప్పుడు ఆ దెబ్బ తిన్నవాళ్ళే. "ఈ కెమెరాకి రెప్పలార్పేవాళ్ళంటే పడదండీ, కరుస్తుంది" అనేవాడు. పెద్దమనిషి బెదిరి కళ్ళు ఇంతింత చేయగానే క్లిక్కుమనిపించేవాడు.

అన్న కూతురు చిన్నప్పుడు ప్రతిదానికీ "ఎందుకు?" అని నిలదీసేది కాబట్టి పంతులమ్మ అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఇప్పుడామె ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో ఉంది.

స్టూడియోలో ఒక పాత స్కానర్ ఉండేది. ఫిల్ములోని బొమ్మల్ని డిస్కుల్లోకి ఎక్కించేది. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడింది. దాని వెనకే ఆ ఫైళ్ళు తెరిచే ప్రోగ్రామూ పోయింది. ఫిల్ములేమో చెమ్మకి ఒకదానికొకటి అంటుకుపోయాయి. డిస్కుల నిండా మనుషులున్నారు, బయటికొచ్చే తలుపే లేదు.

ఆ తలుపు పంతులమ్మ చెక్కింది. సెలవురోజుల్లో స్టూడియో వెనకగదిలో కూర్చుని, ఫైల్లో ఏ అంకె దేనికోసమో ఒక్కొక్కటే పట్టుకుని, ఒక లైబ్రరీ కట్టింది.

"లైబ్రరీ అంటున్నావు, పుస్తకాలేవే?"

"పుస్తకాలుండవు బాబాయ్. ఇదో పనిముట్టు. బొమ్మల ప్రోగ్రాం ఎవరు రాసుకున్నా దీన్ని లోపల పెట్టుకుంటే చాలు, మన ఫైళ్ళు తెరుచుకుంటాయి. కోడంతా నెట్‌లో పెట్టేశా. ఎవరైనా చూడొచ్చు, వాడుకోవచ్చు, దిద్దొచ్చు."

"ఊరికేనా?"

"ఊరికే."

"అయితే నీది మీ అమ్మ బుద్ధే. మీ నాన్న అగ్గిపుల్ల అడిగినా సగం విరిచిస్తాడు."

అలాంటి స్కానర్ కొన్న స్టూడియోలు ఇంకా చాలాచోట్ల ఉన్నాయట. ముక్కూమొహం తెలియనివాళ్ళెందరో ఆ లైబ్రరీతో తమ డిస్కులు తెరుచుకోసాగారు. ఆమెకి దండాలు పెడుతూ రాసేవారు. బాబాయి వాటిని చదివించుకుని వీధంతా చాటింపు వేసేవాడు.

ఒక్క అంకె మాత్రం పంతులమ్మకి లొంగలేదు. చాలా ఫైళ్ళలో అది సున్నా, కొన్నింట్లో ఒకటి. ఫిల్ముని తిరగేసి పెట్టారని చెప్పే గుర్తేమోనని ఆమె అనుమానం. నిజంగా అదే అయితే 'ఒకటి' ఉన్న బొమ్మని అద్దంలోలా కుడిఎడమలు మార్చి చూపాలి. కాకపోతే ఉన్నదున్నట్టు వదిలేయాలి. బోర్డు మీది అక్షరాలైనా కనిపిస్తే తేలిపోయేది, కానీ అవన్నీ వట్టి తెరముందు తీసిన బొమ్మలే. చివరికి 'ఒకటి' ఉన్నవాటిల్లో ఎదురుకొట్టు దర్జీ బొమ్మ దొరికింది. ఆయన పోయి చాలా కాలమైంది. ఉన్నదున్నట్టు చూస్తే కత్తెర ఎడమచేతిలో ఉంది, తిప్పితే కుడిచేతిలో. బొమ్మని రెండు రకాలుగానూ పక్కపక్కన తెరిచి ఆమె అడిగింది.

"బాబాయ్, దర్జీ మామయ్య కత్తెర ఏ చేత్తో పట్టేవాడు?"

దర్జీది ఎడమచేతివాటమని వీధిలో కుక్కకి కూడా తెలుసు. కానీ అంత అమాయకంగా అడిగితే బాబాయి నాలుక ఊరుకుంటుందా?

"కుడిచేత్తోనే పంతులమ్మా. ఎడమచేత్తో కత్తిరించుంటే నా లాగు లంగా అయ్యుండేది."

"మరి కుడిచేతి బొమ్మలో చొక్కా జేబు కూడా కుడివైపే పడుతోందేంటి?"

దొరికిపోయాననే అనుకున్నాడు. అయినా కళ్ళజోడు పైకి నెట్టి, గొంతు సవరించుకున్నాడు. "దర్జీవాడి సొంత చొక్కా తల్లీ అది. లోకానికంతా ఎడమవైపు కుట్టి కుట్టి విసుగెత్తి, తనకి మాత్రం కుడివైపు కుట్టుకునేవాడు."

ఇంత పచ్చి అబద్ధానికి కుర్చీలోంచి లేచి కొడుతుందనుకున్నాడు. పంతులమ్మ "ఓహో, అందుకా!" అని మొహం వెలిగించుకుని, 'ఒకటి' ఉన్న బొమ్మలన్నిటినీ తిప్పేసే ఒక వరుస లైబ్రరీలో రాసేసింది. సరిగ్గా అప్పుడే పాస్‌పోర్టు ఫొటోకని ఒకావిడ చంటిపిల్లతో వచ్చింది. పిల్ల ఏడుపు, తల్లి సముదాయింపు, లైటు స్టాండు కిందపడటం, బల్బు పగలటం. అదంతా సర్దుకునేసరికి పంతులమ్మ వెళ్ళిపోయింది. బాబాయి నవ్వడం మరిచిపోయాడు.

తర్వాత ఒకటి రెండుసార్లు గుర్తొచ్చింది. 'అంత చదువుకున్న పిల్ల, ఈపాటికి తనే పట్టేసుంటుందిలే' అనుకున్నాడు.

కొన్ని నెలలకి దర్జీ భార్య వచ్చి, తన భర్త బొమ్మ పెద్దది చేయించమంది. బాబాయి పంతులమ్మ లైబ్రరీతో డిస్కులోంచి తీసి, పరీక్షగా చూడకుండానే ల్యాబుకి పంపించాడు. వచ్చిన పొట్లం ఆమె ముందే ఉత్సాహంగా విప్పాడు. ఆమె చాలాసేపు చూసింది.

"ఎవరు తమ్ముడూ ఈయన?"

"అదేంటక్కా, బావగారే!"

"ఆయనలా ఉన్నాడంతే." ఆమె వేలు కత్తెర మీద ఆగింది. "చిన్నప్పుడు బళ్ళో వేళ్ళు వాచేలా కొట్టినా ఆయన చెయ్యి మారలేదు. నువ్వు మార్చావు." తలెత్తి చూసింది. "ఇది కూడా నీ వేళాకోళమేనా?"

బాబాయి కాదని అనలేడు. ఆమె బొమ్మని బల్ల మీదే వదిలేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సాయంత్రం పంతులమ్మ వచ్చింది. ఆయన చెప్పింది కదలకుండా వింది.

"జేబు సంగతి కూడానా బాబాయ్?"

"అదే అన్నిటికంటే పెద్ద అబద్ధం. నువ్వు తిడతావనుకున్నా. నమ్మేశావు."

"నువ్వు ఈ వీధిలోనే పుట్టావు. నిన్ను కాక ఎవర్ని నమ్ముతాను?"

"పోనీ దిద్దెయ్. ఆ ఒక్క వరుస కొట్టేస్తే పోదూ?"

"ఇకమీదట తెరిచేవాళ్ళకి పోతుంది." ఎవరో ఒకావిడ రాసిన ఉత్తరం, దానికింద రెండు బొమ్మలు ఉన్న తెరని ఆమె ఆయన వైపు తిప్పింది. "ఈవిడ వాళ్ళమ్మ బొమ్మలు కొన్ని మన పాత లైబ్రరీతో మార్చుకుంది, కొన్ని ఆ వరుస చేర్చిన కొత్తదానితో. అన్నీ కలిపేసి డిస్కులు పారేసింది. ఇప్పుడు అమ్మ బుగ్గ మీది పుట్టుమచ్చ ఒక బొమ్మలో ఇటుంది, ఒక బొమ్మలో అటుంది. ఏది నిజమని నన్నడుగుతోంది."

"ఆవిడకి తెలీదా?"

"వాళ్ళమ్మ పోయేనాటికి ఆవిడ పాకుతోందట. చెప్పేవాళ్ళూ లేరు."

ఆ తెర మీది పుట్టుమచ్చని బాబాయి చూడలేకపోయాడు. "తప్పు నాదని రాయవే. మా బాబాయి వెధవ పని అని రాయి."

"అక్కడ నువ్వెవరో ఎవరికి తెలుసు? వాళ్ళు నమ్మింది నన్ను." అరిచినా బావుండేది. మెల్లగా అంది. అందరూ చూసేచోట తప్పు తనదేనని రాసి, ఆ వరుస కొట్టేసి, కంప్యూటర్ మూసింది.

దర్జీ బొమ్మ మళ్ళీ సరిగా వేయించి, బాబాయే దర్జీ ఇంటికి పట్టుకెళ్ళి ఆయన భార్యకిచ్చాడు. ఆమె తీసుకుంది. కూర్చోమనలేదు.

పంతులమ్మ మాత్రం మామూలుగానే వస్తూ పోతూ ఉంది. ఒకరోజు ఫోన్ చేసింది. ఇంకో బొమ్మ పంపింది. తెర ముందు తాతయ్య, ఒక చేతిలో కర్ర.

"కర్ర ఏ చేతిలో బాబాయ్?"

"కుడి. ఒట్టు. ఎడమ భుజం ఎత్తలేకపోయేవాడు తాతయ్య." ఇంత కచ్చితంగా ఆయన ఏ మాటా చెప్పి ఎరగడు.

"సరే బాబాయ్." ఫోన్ పెట్టేస్తుందనుకున్నాడు. "పిన్ని ఉందా? ఒకసారి పిన్నికివ్వవా?"

ఆయన వంటింట్లోకి వెళ్ళి భార్య చేతికి ఫోన్ ఇచ్చాడు. ఆమె బొమ్మ చూసి "కుడిచేతిలోనే కదే, మీ బాబాయి చెప్పలేదూ?" అంటుంటే, గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు.