తొక్కిన పాదం

మా ఊరు నాగసాకిలో ఊరివాళ్ళదే ఒపేరా బృందం ఒకటుంది. అందులో ఇన్నేళ్ళూ గుంపులో గోవిందయ్యలాగా పాడాను. నలభై దాటాక మొదటిసారి పేరున్న వేషం దొరికింది. జపాన్‌లో క్రైస్తవాన్ని నిషేధించిన పాత రోజుల కథ, అందులో కన్యస్త్రీ మగ్దలేనా. మతం విడిచినట్టు రుజువుగా రేకు మీది ఏసు ప్రభువు బొమ్మను తొక్కమంటారు అధికారులు. తోటి కన్యస్త్రీలంతా కాదని చావుకు నడుస్తారు. మగ్దలేనా ఒక్కతే భయపడి తొక్కుతుంది.

అమ్మకు ఈ సంగతి చెప్పడమే నా బుద్ధి తక్కువ. మాది ఆ రోజుల్లో గోటో దీవుల్లో చాటుగా ప్రార్థన చేసుకున్న వంశం. అమ్మ రోజూ తెల్లారే చర్చికి వెళ్తుంది. నేను మానేసి చాలా కాలమైంది.

"వేషం మార్చుకో," అంది మిసో చారు పోస్తూ.

"నేను తొక్కేది చెక్క ముక్కమ్మా. దాని మీద బొమ్మ కూడా లేదు. మనలాంటి వాళ్ళు నొచ్చుకుంటారని దర్శకుడు కురోసే గారే వద్దన్నారు."

"అప్పటి దొరలూ అదే అన్నారుట, ఉత్త రేకేగా, కాలు పెట్టి పో అని. తొక్కావంటే నా గడపలోకి రాకు."

నాకు ఒళ్ళు మండింది. "తొక్కనివాళ్ళకు వంశమే మిగల్లేదు. నువ్వూ నేనూ తొక్కినవాళ్ళ పిల్లలమే. ఆ పిరికివాళ్ళ కోసం పాడే దిక్కు కూడా లేదు."

అమ్మ గరిటె పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ నాతో మాట్లాడలేదు. నాకు అన్నం పెట్టి, తను వంటింట్లో తినేది. ఆమె గుండె ఈ ఏడు దాటడం కష్టమన్నాడు డాక్టరు. మాట్లాడకుండానే పోతుందేమోనని నాకు చచ్చేంత భయం. వేషం వదిలేద్దామని కురోసే గారి గది దాకా వెళ్ళి, తలుపు తట్టలేక తిరిగొచ్చాను.

ప్రదర్శన ఆదివారం మధ్యాహ్నం. తెర పక్కన తోటి గాయని హత్సుయే నా చెవిలో అంది, "మీ అమ్మొచ్చింది, వెనక వరసలో. జపమాల పట్టుకుని కూచుంది. నీ పాట వినడానికొచ్చిందో, నీ అంత్యక్రియలకొచ్చిందో."

తొక్కే చోట వాద్యాలన్నీ ఆగిపోతాయి. ఉత్త చెక్కే, అయినా కాలు లేవలేదు. వాద్యబృందం నాయకుడు ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి నన్నే చూస్తున్నాడు. చివరికి తొక్కాను. మగ్దలేనా ఏడవాల్సిన చోట నేనే ఏడ్చాను. దీపాలు వెలిగి చప్పట్లు మోగేసరికి అమ్మ కుర్చీ ఖాళీగా ఉంది.

ఇంటికొచ్చి గడప బయటే నిలబడ్డాను. అమ్మ వేణ్ణీళ్ళ బేసినుతో వచ్చింది. నన్ను మెట్టు మీద కూచోబెట్టి, మేజోళ్ళు విప్పి, ఆయాసపడుతూ నా కాళ్ళు కడగసాగింది.

"వదిలెయ్యమ్మా. ఉత్త చెక్కేగా."

"తొక్కినవాళ్ళ పిల్లలమేనే. నాకు తెలీదా? ఏటేటా దొరల ముందు తొక్కొచ్చినవాళ్ళ కాళ్ళు ఇంట్లోవాళ్ళు ఇలాగే కడిగి, ఆ నీళ్ళు తాగేవాళ్ళట. మా అవ్వ చెప్పింది."

ఆమె దోసిలి ముంచింది. నేను ఆ చేతులు పట్టుకున్నాను. ఎముకలు తప్ప ఏం లేవు.

"పాపం నాది. నేను తాగుతాను."

"ఎవరి పాపం వాళ్ళు తాగితే పోదు. ఇంకొకళ్ళు తాగాలి. నేను పోయాక నీకు ఎవరున్నారే," అని తాగేసింది.