పుట్టిన తేదీ తప్ప

పిల్లల ఆసుపత్రికి ప్రోగ్రాం రాస్తోంది ఆమె. కంప్యూటరు లోపల ఒక్కో పిల్లా ఒక్కో ఆబ్జెక్టు, అంటే ఒక వివరాల మూట. రెండు ఆబ్జెక్టులు ఎదురుపడితే, అవి ఒకే పిల్లవో కావో దానికెలా తెలుస్తుంది? దానిదేమైనా కన్నపేగా! ఏవేవి కలిస్తే ‘ఒకటే’ అనుకోవాలో మనమే రాసిపెట్టాలి.

పేరు, తల్లి, తండ్రి, చిరునామా అని రాసింది. పుట్టిన తేదీ వదిలేసింది.

“తేదీ వద్దా?” అన్నాడు మేనేజరు.

“తేదీలు సగం తప్పులతడకేనండీ.”

అది వట్టి సాకు. ఆమె పెద్దకూతురు అయిదేళ్ళప్పుడు ఆ ఆసుపత్రిలోనే జ్వరంతో పోయింది. తర్వాత పుట్టినదానికి, భర్త వద్దు మొర్రో అంటున్నా వినకుండా, ఆ పేరే పెట్టుకుంది. ఇద్దరి రికార్డులూ ఆ ఆసుపత్రిలోనే ఉన్నాయి; వాటి మధ్య మిగిలిన తేడా తేదీ ఒక్కటే. అదీ లేకపోతే పెద్దది పోనట్టేనని ఒక పిచ్చి ఆశ. పైకి చెబితే నవ్విపోతారని లోపలే దాచుకుంది.

“ఒకటే అని తేలితే ఏది ఉంచుదాం?” అన్నాడు మేనేజరు.

“మొదటిది. తర్వాతది తీసేద్దాం,” అంది పరధ్యానంగా.

ప్రోగ్రాం నడిపి, సాయంత్రం ఇల్లు చేరింది. నేల మీద బోర్లా పడుకుని కూతురు బొమ్మ వేస్తోంది, ఎడమచేత్తో. పెద్దదానిది ఎడమచేతివాటం.

“అమ్మా, జ్వరం తగ్గిపోయింది!”

పెద్దదేనని ఆమె పోల్చుకుంది. భయం వేసింది. అంతకు మించి, నిజం చెప్పాలంటే, సంతోషం వేసింది. ఒళ్ళోకి లాక్కుని ముద్దులతో ముంచెత్తింది.

“తగ్గుతుందని నేను చెప్పలేదూ?” అన్నాడు భర్త వంటింట్లోంచి.

అప్పుడు గుర్తొచ్చింది. “చిన్నదేది?”

“చిన్నదేంటి? మనకున్నది ఇదొక్కతేగా.”

పిల్ల గుమ్మం దగ్గరికెళ్ళి, పొద్దున చిన్నదాని కాళ్ళకు ఆమె స్వయంగా తొడిగి విప్పిన చెప్పుల్లో కాలు పెట్టి చూసింది. పట్టలేదు.

“ఈ బుల్లి చెప్పులు ఎవరివమ్మా?”

ఆమె లాప్‌టాప్ తెరిచి, తను రాసిన ఆ లైనులో పుట్టిన తేదీ చేర్చి మళ్ళీ నడిపింది. పోల్చడానికి రెండో రికార్డే లేదు. ఎక్కడ వెతికినా లేదు.

మంచం కింద చూసింది, తలుపుల వెనక చూసింది. చివరికి వీధిలోకి పరిగెత్తి గొంతు పగిలేలా కూతురి పేరు పెట్టి పిలిచింది.

“ఇక్కడే ఉన్నాను కదమ్మా,” అంటూ పెద్దది వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.