పొద్దుటి వంతు

బోర్డు మీద మారెన్ పేరుకెదురుగా పొద్దుట ఎనిమిదిన్నర అని ఉంది. ఓక్లహోమాలో పదకొండు దాటితే దక్షిణపు గాలి లేస్తుంది, దిగే విమానాన్ని రన్‌వే మీంచి పక్కకి నెట్టేస్తుంది. అందుకే ఈ వైమానిక దళ శిక్షణలో ఉన్నవాళ్లంతా పొద్దుటి వంతు కోసం కొట్టుకుంటారు.

మారెన్ ఎప్పుడూ కొట్టుకోలేదు. మిన్నెసోటాలోని రిజర్వు దళం ఆమెను ఎంచుకుని పంపింది. శిక్షణ గట్టెక్కితే చాలు, వాళ్ల రవాణా విమానంలో పైలట్ కుర్చీ ఖాయం. ర్యాంకుల గొడవ పూర్తికాలం కొలువు చేసే రెగ్యులర్ వాళ్లది. ఎవరడిగినా తన వంతు ఇచ్చేసి తను మధ్యాహ్నం ఎగిరేది.

రిజర్వులో నెలకో వారాంతం ఎగిరితే తనకి చాలదని ఈమధ్యే తెలిసింది. ఎవరికీ చెప్పకుండా రెగ్యులర్‌లోకి మారతానని అర్జీ పెట్టింది. నిన్న సొంత దళం నుంచి కల్నల్ హోల్మ్ ఫోన్ చేసింది.

"నిన్ను వదులుతూ నేను సంతకం పెట్టానమ్మాయ్. రేపు పన్నెండులోపు నువ్వూ పెట్టాలి. పెట్టగానే నీ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తాను. తర్వాత వాళ్లు తీసుకోలేదని నా దగ్గరికి రాకు. కోపం కాదు, ఖాళీ ఉండదు."

మొదటి పదిమందిలో ఉంటేనే రెగ్యులర్ వాళ్లు తీసుకుంటారు. మారెన్‌ది పదకొండో స్థానం. ఇవాళ్టి ఆఖరి పరీక్షతో సాయంత్రం జాబితా మూసేస్తారు. పొద్దుటే ఎగిరితే మార్కు చూసుకుని సంతకం పెట్టొచ్చు.

పక్క బల్ల ఆర్లిస్ కాఫీ కప్పుతో వచ్చాడు. గాలిలో దిగలేక ఇదే పరీక్ష ఒకసారి తప్పాడు. మళ్లీ తప్పితే ఇంటికే.

"రిజర్వు మహారాణీ, నీ ఎనిమిదిన్నర నాకిచ్చెయ్. నాకు ఒంటిగంట పడింది."

"ఇవ్వను."

"నీ మార్కులు ఎవడు చూస్తాడే?"

"చూస్తారు. రెగ్యులర్‌కి అర్జీ పెట్టాను."

పక్క బల్లల వాళ్లు ఇటు తిరిగారు.

"అంటే మా భయాలన్నీ నీ ముందు చెప్పుకుంటుంటే, నువ్వు మాతోనే పోటీకి దిగావా?"

"మూడు వారాలే అయింది."

"మూడు వారాలూ నోరు పడిపోయిందా?"

మారెన్ కిటికీలోంచి చూసింది. గడ్డిపరక కదలడం లేదు. ఆ ప్రశాంతతలో తను దిగింది ఎన్నిసార్లని? కాళ్లకీ చేతులకీ అలవాటైంది గాలే. కానీ గాలి వేగం ఇరవై అయిదు నాట్లు, అంటే గంటకి నలభై ఆరు కిలోమీటర్లు, దాటితే పరీక్ష ఉండదు. పదకొండో స్థానంలోనే మిగిలిపోతుంది, అటు కుర్చీ కూడా పోతుంది.

లేచి బోర్డు మీద పేర్లు మార్చేసింది.

"నీ జాలి నాకక్కర్లేదు," అన్నాడు ఆర్లిస్.

"జాలి కాదు. పొద్దుట దిగడం నాకు సరిగా రాదు. పో, హెల్మెట్ తీసుకో."

పన్నెండుకి పావుగంట ఉండగా ఆఫీసులో గుమాస్తా కాగితం తిప్పిపెట్టాడు.

"చదివారా లెఫ్టినెంట్? వెనక్కి తీసుకోవడం ఉండదు."

"చదివాను."

సంతకం పెట్టి బయటికొచ్చేసరికి ఆర్లిస్ గట్టెక్కాడని ఎవరో చెప్పారు. ఆమె తలూపింది, కళ్లు మాత్రం రన్‌వే పక్కన గాలి జోరు చూపే గుడ్డ సంచి మీదే ఉన్నాయి. అది బిగుసుకుని నిలబడింది.

ఒంటిగంటకి ఇరవై రెండు నాట్లు. ఇంజన్ తిరిగేసరికి ఇరవై నాలుగు. వెనక సీట్లోంచి పరీక్షాధికారి మేజర్ కీనన్ అన్నాడు, "వద్దంటే ఇప్పుడే చెప్పు. సోమవారం పెడతాను."

"సోమవారానికి జాబితా ఉండదు సార్."

విన్యాసాలన్నీ అయ్యాయి. ఇక దిగడమే మిగిలింది. రన్‌వే కళ్ల ముందు ఓరగా జారిపోతోంది. ఎడమ రెక్క గాలి వైపు వంచి, కుడికాలితో పెడల్ తొక్కి ముక్కు రన్‌వేకి తిన్నగా పట్టింది. నేలకి పదడుగులుండగా గాలి ఒక్కసారి గుంజింది. కాలు సడలించలేదు. ముందు ఒక చక్రం తాకింది. తర్వాత రెండోది.

విమానం ఆగాక కీనన్ చాలాసేపు రాసుకున్నాడు.

"దీంతో తొమ్మిదో స్థానం వస్తుంది. మీ ఊరికి ఫోన్ చేసుకో."

"చేస్తాను సార్. కల్నల్‌గారు ఈపాటికి నా కుర్చీకి కొత్తవాళ్లతో మాట్లాడుతుంటారు."

ఆమె బెల్టు విప్పి, గాలి సంచి వైపు ఒకసారి చూసి కిందికి దిగింది.