సైరన్ మొక్కు

మధ్యాహ్నం పన్నెండుంబావుకు నానమ్మ ఫోన్ చేసింది. "లాజరు వచ్చేశాడే వినీలా. మన సైరన్‌కి గుండు చేయించేస్తున్నా. మరియమాతకి మొక్కుకున్నాగా!"

"ఆగు నానమ్మా! దాని బొచ్చు తియ్యకూడదు!" అని నేను అరిచేలోపే పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తదు. మా శౌరమ్మ నానమ్మ అంతే, తను చెప్పాల్సింది చెప్పేస్తే ఇక ఫోన్‌తో పని లేదు.

సైరన్ మా హస్కీ కుక్క. చూడ్డానికి అచ్చం తోడేలు, నీలం కళ్లు. ఇంటికి కాపలా ఉంటుందని తెచ్చాం. అది మొరగదు, ఊళ పెడుతుంది. అందుకే ఆ పేరు. ఎవరొచ్చినా ఎదురెళ్లి చేతులు నాకుతుంది. గ్యాస్ సిలిండర్ తెచ్చినతని వెంట రెండు వీధులు వెళ్లిపోయింది కూడా. పోయిన వారం ఎండకు సొమ్మసిల్లి పడిపోతే నానమ్మ హడలిపోయి, అది లేచి తిరిగితే దాని వెంట్రుకలు గుణదల కొండ మీద ఇస్తానని మొక్కేసింది. అది లేచింది. కానీ నిన్ననే పశువుల డాక్టరు డయానాగారు నాకు గట్టిగా చెప్పారు, ఆ రెండు పొరల బొచ్చే ఎండను ఆపుతుందని, గీసేస్తే ప్రాణం మీదికొస్తుందని. ఆ సంగతి ఇంట్లో చెప్పడం మరిచిపోయింది ఎవరు? నేనే!

బెంజ్ సర్కిల్లో ఆఫీసు మెట్లు ఎలా దిగానో తెలియదు. సిగ్నల్ దగ్గర అంకెలు తొంభై నుంచి దిగుతుంటే ఒక్కో అంకెనూ తిట్టుకున్నాను. గుణదలలో మా గేటు ముందు స్కూటీకి స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించి లోపలికి పరుగెత్తాను.

లాజరు చేతిలో మిషన్ గుర్రుమంటోంది. సైరన్ తలెత్తి దానికి వంత పాడుతోంది. మంగలి పనిలో ముప్పై ఏళ్లున్న లాజరు గోడకు అంటుకుపోయాడు. ఇంకా ఒక్క వెంట్రుకా తెగలేదు!

"ఇది కుక్క కాదండీ, తోడేలండీ! నన్నొదిలెయ్యండి!"

నేను సైరన్ మెడ చుట్టూ చేతులేసి అక్కడే కూలబడ్డాను. సంతోషంతో ఏడుపొచ్చేసింది. డాక్టరుగారు చెప్పిందంతా రొప్పుతూనే చెప్పాను. రోజూ దువ్వి రాలే బొచ్చు తీసెయ్యాలి, తెల్లవారకముందే తిప్పుకు రావాలి, పగలు కూలర్ ముందు ఉంచాలి, కత్తెర మాత్రం వద్దు.

నానమ్మ అంతా విన్నది. "అయితే వద్దులే. మరి తల్లికిచ్చిన మాటో?"

నానమ్మ ముడిలోంచి పిన్నులు తీసింది. డెబ్బై ఏళ్లొచ్చినా నడుము దాటే జుట్టు తనది. దాన్ని దువ్వే కొయ్య దువ్వెనను మా అమ్మను కూడా ముట్టుకోనివ్వదు. స్టూలు లాక్కుని కూర్చుని, "లాజరూ, నాది తియ్యి," అంది.

"నానమ్మా!"

"నాది ఒక్క పొరేగా. ఏం కాదులే."

సైరన్ వెళ్లి ఆమె ఒళ్లో తల పెట్టింది. మిషన్ ఆగేదాకా ఊళ పెట్టలేదు, కదల్లేదు.

సాయంత్రం ఆ జుట్టును కొత్త తువ్వాలులో మూటగట్టి కొండ మీద ఇచ్చి వచ్చాం.

మర్నాడు అయిదింటికి సైరన్‌ను తిప్పుదామని గొలుసు పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. నానమ్మ అప్పటికే తలకు పైట కప్పుకుని పీట మీద కూర్చుంది. ఆ కొయ్య దువ్వెనతో సైరన్ వీపు దువ్వుతోంది.