వెంకటయ్య మీద రెండు జెండాలు

మొదటి జెండా కప్పింది సూర్యాపేట వాళ్లు. మిర్యాలగూడలో వెంకటయ్య ఇంటి ముందు టెంట్ వేసి, ఆయన్ను ఫ్రీజర్ బాక్సులో పడుకోబెట్టారు. సూర్యాపేట పింఛనుదారుల సంఘం అధ్యక్షుడు తిరుపతయ్య ఆ పెట్టె మీద జెండా పరిచి, మడతలు సరిచేసి, ఫోన్ పట్టుకున్న అనుచరుడి వైపు చూశాడు. ఫొటో వచ్చిందని అతను తల ఊపాక గానీ చేతులు జోడించలేదు. భర్త తల దగ్గర కూర్చున్న అన్నమ్మకు తెల్లవారుజాము నుంచి ఆగని ఏడుపు అక్కడ ఆగిపోయింది.

కాసేపటికి కోదాడ సంఘం దిగింది. వాళ్ల అధ్యక్షుడు ఏసుబాబు కళ్లు మూసుకుని ప్రార్థన చేశాడు. కళ్లు తెరిచి తమ జెండా విప్పాడు. పెట్టె పొడవు చాలానే ఉంది, పక్కన పరిస్తే సరిపోయేది. కానీ సరిగ్గా అవతలి జెండా మీదనే పరిచాడు. తిరుపతయ్య లేచి వచ్చి, కిందిదాన్ని లాగి పైన వేశాడు. ఏసుబాబు మళ్లీ తనది పైకి తెచ్చాడు. శవం ముందు మర్యాద కాదని ఇద్దరూ నోరు మాత్రం విప్పలేదు. దుప్పటి కోసం గుంజుకునే పిల్లలకు కనీసం చలైనా ఉంటుంది. వీళ్లకేముంది అనుకుంది అన్నమ్మ.

వెంకటయ్య బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. వచ్చే పింఛను బీపీ మందులకూ కరెంటు బిల్లుకూ సరిపోతే కూరగాయలకు సరిపోయేది కాదు. పింఛను పెంచాలన్నదే రెండు సంఘాల కోరిక. అసలు మొదట ఉన్నది ఒకే సంఘం. హైదరాబాదులో అధికారికి వినతిపత్రం ఇచ్చేటప్పుడు ఫొటోలో మధ్యన ఎవరు నిలబడాలన్న దగ్గర అది రెండయింది. పైకి మాత్రం విధానాల్లో తేడా అని చెప్పుకునేవారు. ఆ తర్వాత సూర్యాపేట కలెక్టరేటు ముందు ఇద్దరూ ఒకే రోజు రెండు టెంట్లు వేసి, మైకులు ఎదురెదురుగా పెట్టుకున్నారు. ఒకరి మాటను ఇంకొకరి మాట మింగేసింది. ఆఫీసు లోపలున్న అధికారులకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. రెండింట్లోనూ సభ్యుడైన వెంకటయ్య, ఏ టెంట్లో కూర్చుంటే ఎవరికి కోపమొస్తుందోనని మధ్యన ఎండలో నిలబడి, సాయంత్రానికి జ్వరంతో ఇల్లు చేరాడు.

జ్వరం తగ్గగానే ఇద్దరు అధ్యక్షుల ఇళ్లకూ తిరిగాడు. మీ ఊరూ కాదు, మీ ఊరూ కాదు, మిర్యాలగూడలో మా వాకిట్లో కూర్చుందామని బతిమాలి ఒప్పించాడు. ఆ ఆదివారం కిరాయి కుర్చీలు వేయించి, ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. అన్నమ్మ బగారన్నం వండింది. కోదాడ వాళ్లు వచ్చారా అని సూర్యాపేట నుంచి, సూర్యాపేట వాళ్లు వచ్చారా అని కోదాడ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. ముందు వచ్చినవాళ్లు లోకువైపోతారట. చివరికి ఎవరూ రాలేదు. పొద్దున కొడుకు జీవన్ తీసిన ఫొటోలో వెంకటయ్య నవ్వుతూ నిలబడ్డాడు, వెనక వరసగా ఖాళీ కుర్చీలు.

సాయంత్రం ఆ కుర్చీలను ఒకదాంట్లో ఒకటి పెడుతూ ఆయన అన్నాడు: “ఇయ్యనోళ్లు ఎట్లుంటరో నాకెర్కేనే. అడిగెటోళ్లు గిట్లుంటరనుకోలే.”

నెల తిరగకుండానే గుండెనొప్పితో పోయాడు.

ఇప్పుడు సంతాపసభలో ముందు ఎవరు మాట్లాడాలన్నది తేలక, పాస్టరు గారు బైబిలు పట్టుకుని ఓ పక్కన నిలబడ్డారు. అన్నమ్మ లేచింది. రెండు జెండాలూ తీసి మడిచి, కోడలు కృప చేతిలో పెట్టింది.

“మిమ్మల్ని ఒక్క టెంట్ కింద సూడాలని కోరుకున్నడు. కూసున్నరు, ఆయన కండ్లు మూసినంక,” అంది. “ఇద్దరూ కలిసి కలెక్టరు దగ్గరికి ఎన్నడు పోతరో ఈడనే చెప్పుండ్రి. చెప్పినంకనే పెట్టె లేస్తది. జెండాలు ఆనాడు నేనే తెచ్చిస్త.”

చుట్టూ జనం చూస్తున్నారు. తిరుపతయ్య పెట్టె మీద చెయ్యి వేశాడు. అది చూసి ఏసుబాబు కూడా వేశాడు. వచ్చే నెల రెండో సోమవారం, కలెక్టరేటు ముందు, ఒకే టెంట్, ఒకే మైకు అని ఒప్పుకున్నారు. ఫోన్లు పైకి లేచాయి. అన్నమ్మ అది కూడా చూసింది, అయినా నమ్మింది. పోయేముందు ఇద్దరూ విడివిడిగా జీవన్‌ను వెంకటయ్య ఫొటో పంపమని అడిగారు.

ఆ సోమవారం అన్నమ్మ కోడలితో కలిసి పొద్దున్నే సూర్యాపేట బస్సెక్కింది. సంచిలో ఉతికి మడతపెట్టిన జెండాలు రెండూ ఉన్నాయి. కలెక్టరేటు ముందు దిగి చూస్తే రోడ్డుకు ఇటొకటి, అటొకటి, రెండు టెంట్లు. రెండింటి ముందూ బల్ల మీద దండ వేసిన వెంకటయ్య ఫొటో. ఆ ఇస్త్రీ చొక్కా, ఆ నవ్వే. వెనకున్న కుర్చీలను మాత్రం ఇద్దరూ నీటుగా కత్తిరించేశారు. మిగతా అన్నిట్లోనూ కలవనివాళ్లు దీంట్లో మాత్రం కలిశారు.

తిరుపతయ్య ఎదురొచ్చాడు. “వదినె, నీకు ముందటనే కుర్సి ఏసినం.”

“ఒక్కటే టెంట్ అంటిరి గద?”

“ఆళ్లనడుగు. మనం ముందుగాల ఏసినం.”

అంతలో రోడ్డు దాటి వచ్చిన ఏసుబాబు, “అక్కా, అన్న మన మనిషి కదండీ, ఇటొచ్చి కూర్చోండి. మేం కలుద్దామనే అనుకున్నాం, వాళ్లే కలవనివ్వలేదు,” అన్నాడు.

అన్నమ్మ ఇద్దరినీ దాటి నడిచింది. ఈ టెంట్లోకి వెళ్లి ఫొటో తీసుకుంది. ఆ టెంట్లోకి వెళ్లి ఆ ఫొటో తీసుకుంది. తన కోసం వేసిన కుర్చీల్లో ఎవరి జెండా వాళ్లకు పెట్టేసింది.

“ఫొటో ఏడికి వదినె? మీటింగ్ ఇంకా షురువే కాలే,” అన్నాడు తిరుపతయ్య వెంటపడి.

“వెంకటయ్య రాజీనామ చేసిండని రాసుకోండ్రి. రెండిట్లకెల్లి.”

వెనక రెండు మైకులూ ఒకేసారి మొదలయ్యాయి. వెంకటయ్య పేరు రెండు వైపుల నుంచీ వినబడుతోంది. ఆ పేరు తర్వాత ఏమంటున్నారో మాత్రం వినబడలేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని అన్నమ్మ దండలు ఊడదీసింది. కట్టి ఎన్నాళ్లయిందో, పూలు కుళ్లి జిగురుగా ఉన్నాయి. బయటికి విసిరేసింది. కొంగుతో చేతులు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.

“కృపా, ఆ ఫొటో నీ ఫోన్ల ఉన్నది గద. జీవన్‌కు చెప్పి కడిగించు బిడ్డా. ఇంట్ల పెట్టుకుందం,” అంది. “కుర్సీలు మటుకు కొయ్యొద్దను.”

మిర్యాలగూడలో దిగేదాకా ఆమె చేతులు తుడుచుకుంటూనే ఉంది.