ఇంకొక్క గాటు

మోకాళ్ళ మీద కూర్చుని ఆయన మంచం కింద తల దూర్చాడు. తలవైపు పట్టీ కింద రెండు ఇనప స్టాండ్లున్నాయి, కార్లు లేపి నిలబెట్టేవి. ఎడమదాన్ని పట్టుకుని ఊపాడు. కదల్లేదు. కుడిదాన్ని ఊపాడు. అదీ కదల్లేదు. కాళ్ళవైపు మంచం జారకుండా అడ్డం పెట్టిన చెక్క దిమ్మల్ని పాదంతో తట్టి చూసి లేచాడు. రోజూ మొహం కడుక్కోకముందే చేసే పని ఇది.

"ఇంకొక్క గాటు లేపవయ్యా," అంది మంచం మీదనుంచి భార్య. మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటోంది.

"లేదు."

"లేదంటే?"

"గాట్లయిపోయాయి."

స్టాండు మధ్యలో పైకి జరిగే కడ్డీకి ఒక పక్క వరసగా గాట్లుంటాయి. ఎంత ఎత్తు కావాలంటే ఆ గాటు దగ్గర కడ్డీ ఆగుతుంది. ఏడు నెలల కిందట ఆమె గుండె అలిసిపోయిందనీ, వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందనీ, మంచం తలవైపు ఎత్తుగా ఉంచమనీ డాక్టరు చెప్పాడు. దిండ్లు పెడితే మెడ ఒంగి ఇంకా ఆయాసపడింది. మర్నాడు ఆయన తను పనిచేసే మోటారు సామాన్ల కొట్టునుంచి స్టాండ్లు తెచ్చి, ఆ పొట్టికాళ్ళ ఇనప మంచాన్ని మొదటి గాటు మీద నిలబెట్టాడు. ఆ పూట ఆమె హాయిగా నిద్రపోయింది. తర్వాత నెలకో గాటు. ఈ నెలలో అప్పుడే రెండు.

"నలభయ్యేళ్ళు ఊరందరికీ స్టాండ్లమ్మి, ఇంటికి మాత్రం పొట్టివి తెచ్చుకున్నావు."

"మధ్యాహ్నం పొడుగువి తెస్తా."

"వస్తూ వస్తూ వీధిలో విశేషాలు కూడా తే. ఈ కిటికీలో నాకు మబ్బులు తప్ప ఏం కనబడి చావదు."

"ఏముంటాయి, మామూలే."

"ఇదిగో, ఈ మామూలుతోనే నా కాపురం గడిచిపోయింది," అందామె.

పక్క వాటాలో బట్టలు కుట్టే ఆవిడ మిషను మీద పని అక్కడే వదిలేసి, చేతికుట్టు పని పట్టుకుని తోడు కూర్చోడానికి వచ్చింది. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

కొట్లో అందరూ ఆయన్ని స్టాండయ్య అంటారు. జాకీలు, స్టాండ్లు, పానాలు ఉన్న వెనక గది ఆయనది. గోళ్ళ సందుల్లో నల్లటి జిడ్డు ఎన్ని సబ్బులరిగినా పోదు. ఎడం భుజం కుడిదానికంటే కిందికుంటుంది. దేని మీదా ఊపి చూడకుండా బరువు మోపడు. కుర్చీ ఊపుతాడు, మెట్ల కమ్మీ ఊపుతాడు. "నన్నొక్కదాన్నే ఊపి చూడకుండా చేసుకున్నాడు, మోసపోయాడు," అని భార్య వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

ఆ పొద్దున ఒక వ్యాను డ్రైవరు హడావుడిగా వచ్చాడు.

"పెద్దాయనా, ఒక చక్రాల జాకీ ఇవ్వు. గట్టిది."

"బండి బరువెంత?"

"ఆ... మామూలు వ్యానే."

"మామూలు అనే బరువు లేదు."

డ్రైవరు వెళ్ళి వ్యాను తలుపు పక్కన రేకు మీద రాసి ఉన్నది చూసొచ్చాడు. రెండున్నర టన్నులు. స్టాండయ్య మూడు టన్నుల జాకీని కాలితో ముందుకు తోశాడు. బండి పొట్ట కింద సందెంతుందో అడిగాడు. జాకీ లోపలికి దూరకపోతే ఎంత బలముండి ఏం లాభం. పని చేసేది గచ్చు మీదా మట్టి మీదా అని అడిగాడు. మట్టయితే కింద మందపాటి చెక్క వెయ్యమన్నాడు. అన్నీ అయ్యాక రెండు స్టాండ్లు తెచ్చి జాకీ పక్కన పెట్టాడు.

"ఇవి నేనడగలేదే."

"అడగరు."

"మా బావమరిది స్టాండ్లూ గీండ్లూ లేకుండా జాకీ మీదే పనంతా చేసుకుంటాడు."

"ఇప్పటిదాకా."

"ఏంటి?"

"ఇప్పటిదాకా చేసుకున్నాడు."

డ్రైవరు నవ్వబోయి ఆగిపోయాడు.

"జాకీ లేపుతుంది. మొయ్యదు," అన్నాడు స్టాండయ్య. ఆ రోజుకి అదే పెద్ద మాట. "లోపల నూనె ఉంటుంది. వాషరు అరిగితే చెప్పకుండా దిగుతుంది. లేపగానే స్టాండు పెట్టు. పెట్టి ఊపు. బండిని దాని మీదికి దించు. మళ్ళీ ఊపు. అప్పుడు దూరు."

ఆయన అమ్మినవాటి కింద ఇన్నేళ్ళలో ఎవరూ నలిగిపోలేదు. దానికెవరూ ఆయనకి దండం పెట్టలేదు. జరగనిదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

మధ్యాహ్నం ఇంటికి బయల్దేరేముందు ఆయన తనకోసం ఏరుకున్నాడు. మూడు జతలు నేల మీద పెట్టి, కడ్డీలు పూర్తిగా లాగి, ఇంటినుంచి తెచ్చిన దారంతో ఎత్తు కొలిచాడు. మొదటి జత చాలలేదు. రెండోది చాలింది గాని ఒక స్టాండు నేల మీద వెంట్రుకవాసి ఊగింది. దాన్ని పక్కకి నెట్టాడు. మూడో జత ఆరు టన్నులది.

షావుకారు కళ్ళజోడు పైకి తోసి చూశాడు. "మంచానికి ఆరు టన్నులదెందుకయ్యా? ఏం, మీ ఆవిడ అంత బరువా?"

"ముప్పయ్యారు కిలోలు."

షావుకారు కళ్ళజోడు మళ్ళీ కిందికి దించుకున్నాడు.

"బరువుకి కాదు," అన్నాడు స్టాండయ్య. "ఎత్తుకి."

స్టాండ్లతో పని ముగించుకుని కొట్టు ముందునుంచి పోతున్న వ్యాను డ్రైవరు ఆయన రెండు చేతుల బరువూ చూసి, ఎక్కమని తలుపు తీశాడు. సందు మొదట్లో దింపుతూ, "మా బావమరిదికి కూడా ఒక జత తీసుకెళ్తాలే," అన్నాడు డ్రైవరు.

కుట్టుపనావిడ ఎదురొచ్చి, "పొద్దుట్నుంచీ గుటకెయ్యడానికి కూడా ఆయాసపడుతోందన్నయ్యా," అని మెల్లిగా చెప్పి తన వాటాలోకి వెళ్ళింది.

ఆయన చొక్కా విప్పి మేకుకి తగిలించాడు. మంచం కిందికి జాకీ తోశాడు. అది పనికిరాదని ఎవరో కొట్లో వాపసిచ్చినది. వాషరు అరిగిపోయింది. అరగంటకి అంగుళం దిగుతుంది. స్టాండు మార్చేంతసేపు ఆగితే చాలుగదా అని ఎప్పుడో ఇంటికి తెచ్చుకున్నాడు. పిడి నాలుగుసార్లు కొట్టగానే మంచం పాత స్టాండ్ల మీదనుంచి లేచింది. వాటిని లాగి గోడ వారకి పెట్టాడు. ఇంకా కొట్టాడు. ఆమె తల ఎత్తుకి, ఇంకా ఎత్తుకి వచ్చింది.

"ఆగాగు," అంది.

ఆగాడు.

"వీధి కనబడుతోందయ్యా." ఊపిరి తీసుకుంది. చాలా రోజుల తర్వాత పూర్తిగా అందినట్టుంది. "ఎదురింటి గేటుకి పచ్చ రంగేశారే."

"ఊఁ."

"ఎప్పుడేశారు?"

"మూడు నెలలయింది."

"రోజూ దాని ముందునుంచే వస్తూ, ఒక్కరోజు చెప్పలేదేం?"

ఆయన కొత్త స్టాండ్లు రెండింటినీ ఒకే గాటుకి లేపాడు, గాట్లు వేలితో తడిమి లెక్కచూసుకున్నాడు. "ఇంకో రెండంగుళాలు లేపి కింద పెట్టేస్తా. కదలకు," అన్నాడు. "చెప్తా," అని కూడా అన్నాడు. "రేపట్నుంచి చెప్తా."

నవ్వుతుందేమో, ఎత్తిపొడుస్తుందేమో అని చూశాడు. ఏ మాటా రాలేదు. పిడి వదిలి లేచాడు.

ఆమె కళ్ళు గేటు మీదే ఉన్నాయి. ముక్కు దగ్గర వేలు పెట్టాడు. మెడ పక్కన పెట్టాడు. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఊపిరి ఆయనదొక్కటే వినబడింది.

అప్పుడాయన జన్మలో చెయ్యని పని చేశాడు. జాకీ మీదున్న మంచం మీద, ఊపి చూడకుండా, భార్య పక్కన కూర్చున్నాడు. ఆమె చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

కింద జాకీ చప్పుడు లేకుండా దిగసాగింది. ఇద్దరి బరువూ దానికి తెలుస్తూనే ఉంది. ఒకసారి ఆయన చెయ్యి పిడి వైపు వెళ్ళింది. అందుకోకుండానే వెనక్కొచ్చింది. "మూలింట్లో గోడ కట్టుకున్నారు," అన్నాడు. "రొట్టెల కొట్టాయన మీసం తీసేశాడు. నీ గురించి అడిగాడు. బానే ఉందని చెప్పాను." ఏడు నెలల వీధినీ, గుర్తున్నంతవరకూ, ఇంటి తర్వాత ఇల్లుగా చెప్పుకుంటూ పోయాడు. గేటు కిటికీ అంచు కిందికి కొంచెం కొంచెంగా జారిపోతోంది. అది కనబడినంతసేపూ ఆయన ఆమె కళ్ళు మూయలేదు.

పొద్దు వాలుతుండగా మంచం తన నాలుగు కాళ్ళ మీద నిలిచింది. ఏడు నెలలకి మొదటిసారి ఆమె వెల్లకిలా పడుకుంది. పక్క వాటాలో కుట్టుమిషను ఆగింది. ఆవిడ వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది.

మంచానికి అటొకటీ ఇటొకటీ కొత్త స్టాండ్లు ఒకే గాటు దగ్గర లేచి నిలబడి ఉన్నాయి, కొట్టువాళ్ళు కట్టిన చీటీలు కూడా విప్పకుండా, వాటి మీద ఏ బరువూ లేకుండా.