నుదుటి దగ్గర ఆగిపోయే కడ్డీ

కడ్డీ భుజాల మీది నుంచి లేచి, రాధిక నుదుటి దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. కాసేపు వణికి, మెల్లగా మళ్లీ గొంతు కిందికి దిగింది. రెండు చివర్లా ఇనప బిళ్లలతో కలిపి ఇరవై ఐదు కిలోలు. ఐదు వారాలుగా ఇదే వరస. ఇరవై రెండున్నర ఐదుసార్లు ఎత్తుతుంది, ఇరవై ఐదు వేస్తే ఒక్కసారి కూడా తల దాటదు.

ఆమె కడ్డీని స్టాండు మీద పెట్టి అరచేతులు తుడుచుకుంది. కోపం రాలేదు. విసుగూ రాలేదు. ఎనిమిది నెలలుగా ఆమెకు ఏదీ రావడం లేదు.

ఎనిమిది నెలల కింద తమ్ముడు వీరేష్ మోటారు సైకిలు మీద ఎమ్మిగనూరు నుంచి వస్తూ కల్వర్టు గోడకు గుద్దుకుని అక్కడికక్కడే పోయాడు. ఇరవై నాలుగేళ్లవాడు. రాధిక ఆదోని డిపోలో కండక్టరు. దినాలు కాగానే డ్యూటీకి వెళ్లింది. ఆమెది ఎమ్మిగనూరు సర్వీసే. మధ్యాహ్నం డ్యూటీలో ఆ కల్వర్టు మీదుగా నాలుగుసార్లు పోవాలి. ఆ నాలుగుసార్లూ టికెట్లు కొడుతూనే ఉండేది. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి జీరో టికెట్, మగవాళ్లకు మామూలు టికెట్. గట్టిపిల్ల అన్నారు డిపోలో. గట్టిదనం కాదని ఆమెకు తెలుసు. పన్ను పీకే ముందు సూది వేస్తే దవడ ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉంది.

మెడ, భుజాలు పట్టేస్తుంటే డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడు. ఆదోనిలో ఇంటికి దగ్గరగా, మేడ మీద ఒక జిమ్ము ఉంది. పొద్దున పది నుంచి పన్నెండు దాకా ఆడవాళ్ల బ్యాచ్. నేర్పేది హుసేనమ్మ. నలభై దాటిన మనిషి, ఒకప్పుడు రాష్ట్రస్థాయి పోటీల్లో బరువులు ఎత్తింది. అక్కడ ఎవరూ తమ్ముడి మాట ఎత్తరు. అందుకే రాధిక మానకుండా వెళ్లింది. ఖాళీ కడ్డీతో మొదలుపెట్టింది. బరువు వారం వారం పెరిగింది. ఆమె బతుకులో కదులుతున్నది అదొక్కటే. ఇప్పుడు అదీ ఆగింది.

హుసేనమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇంగోసారి ఎత్తుతావా?"

"ఎత్తుతానక్కా."

"ఎత్తద్దు. నిన్న రాత్రి ఏం తింటివి?"

రాధిక ఆలోచించింది. గుర్తు రాలేదు.

"అన్నమే అనుకుంటానక్కా."

"అనుకుంటావా! మొన్న?"

అదీ గుర్తు రాలేదు. హుసేనమ్మ ఆమె మణికట్టు పట్టుకుని చూసింది. గడియారం పట్టీ చివరి రంధ్రానికి వచ్చి కూడా వదులుగా ఊగుతోంది.

"కడుపులో ఏమీ ఎయ్యకుండా కడ్డీని పైకి పోమంటే యాడికి పోతాది రాధమ్మా? రేపట్నుంచి ఇరవైకి దిగు. ఒక్కోసారికి అరకిలో ఎక్కిస్తాం. ఇంగోటి, కడ్డీ నీ మొగాన్ని తప్పించుకోని చుట్టూ పోతాంది. నువ్వే తల ఎనక్కి తియ్యి. అది నుదురు దాటినాక తల ముందుకు పెట్టు."

జిమ్ములో ఉన్న బిళ్లల్లో అన్నిటికంటే చిన్నది కిలోంపావు. రెండువైపులా వేస్తే ఒకేసారి రెండున్నర కిలోలు పెరుగుతుంది. హుసేనమ్మ తనకు తెలిసిన లేతు షాపులో పావుకిలో బిళ్లలు ఎనిమిది కోయించింది.

మర్నాడు పొద్దున రాధిక వంటింట్లో గిన్నె మూత తీసింది. రాత్రి వండిన అన్నం గరిటె పెట్టకుండా అలాగే ఉంది. తల్లి పార్వతమ్మ గుమ్మంలో కూర్చుని కొత్తిమీర ఏరుతోంది.

"అమ్మా, రాత్రి నువ్వు తిన్లేదా?"

"నువ్వు తింటివా?"

"నువ్వు తిని పండుకున్న్యావనుకుంటి."

"నేనూ అట్లే అనుకుంటి," అంది పార్వతమ్మ.

ఇన్నాళ్లూ గిన్నెడు వండి, ఒకరు తిన్నారని ఇంకొకరు అనుకుంటూ, తెల్లారాక పారబోస్తున్నారు. ఎన్ని రోజులుగానో ఇద్దరికీ తెలియదు. రాధిక పొయ్యి వెలిగించింది. పార్వతమ్మ లేచి జొన్నపిండి కలిపింది. రెండు రొట్టెలు, చెనిక్కాయల పొడి, రెండు ఉడికించిన గుడ్లు. ఎదురెదురుగా కూర్చున్నారు.

"వాడుంటే నాకు గుడ్డు మిగల్నిచ్చేటోడు కాదు," అంది తల్లి. ఎనిమిది నెలల్లో ఆ ఇంట్లో వీరేష్ మాట రావడం అదే మొదలు.

రాధికకు ఏడుపు రాలేదు. ఇంకో రొట్టె కావాలని మాత్రం అంది.

వారానికి మూడు రోజులు వెళ్లింది. ఇరవై, ఇరవైన్నర, ఇరవై ఒకటి. మొదట్లో చులకనగా లేచింది. ఇరవై మూడు దగ్గర బరువు తెలిసింది. ఇరవై నాలుగున్నర రోజు నాలుగుసార్లే వచ్చింది. హుసేనమ్మ రెండు రోజులు రావద్దని ఇంటికి పంపింది. రాధిక మధ్యాహ్నాలు కూడా నిద్రపోయింది. తల్లి భోజనానికి లేపేది. తిరిగి వెళ్లాక ఇరవై నాలుగున్నర ఐదుసార్లూ లేచింది. ఆ తర్వాత ఇరవై ఐదు లేచింది, ఏ గొడవా లేకుండా.

ఇరవై ఐదున్నర మాత్రం నుదుటి దగ్గర ఆగింది. నాలుగుసార్లు ఎత్తేసింది, ఇది ఐదోది. పాదాలు నేలను తొక్కి పట్టాయి. హుసేనమ్మ చెయ్యి వెయ్యలేదు.

"ఊపిరి ఇడవద్దు. తల ముందుకు! ఇప్పుడు!"

రాధిక తల ముందుకు పెట్టింది. కడ్డీ వెంట్రుకవాసి కదిలింది. మళ్లీ కదిలింది. మోచేతులు బిగిశాయి. తల మీద ఇరవై ఐదున్నర కిలోలు నిలబడ్డాయి. భుజాలు మండుతున్నాయి. ఆ మంట అచ్చంగా తనదేనని ఆమెకు తెలిసింది. చాలా రోజుల తర్వాత ఒంటికి ఏదో ఒకటి తెలిసింది.

"సంతోషమా?" అడిగింది హుసేనమ్మ.

"తెలీదక్కా."

"సరేలే. గురువారం ఇరవై ఆరు."

మధ్యాహ్నం బస్సు పట్నం దాటాక రాధిక ముందుకు వెళ్లి ఇంజను పక్కన నిలబడింది. డ్రైవరు భీమప్ప పెద్దాయన. వీరేష్ పోయినప్పటి నుంచి ఆ దారిలో ఆమెను పలకరించడానికి జంకేవాడు.

"అన్నా, ఇయ్యాల ఇరవై ఐదున్నర కిలోలు తల మీదికి ఎత్తినా."

భీమప్ప అద్దంలో చూశాడు. "ఏం మూటమ్మా? హమాలీలు లేరా?"

"మూట కాదన్నా, ఇనప కడ్డీ."

"దాన్నెత్తి యాడికి తీస్కపోవల్ల?"

"యాడికీ లేదు. ఎత్తి, మళ్లా దించల్ల."

"మళ్లా దించేదానికి ఎత్తేది యాలమ్మా?" అన్నాడు భీమప్ప. నిజంగానే అర్థం కాలేదు ఆయనకు.

రాధిక చెప్పడం మొదలుపెట్టింది. తల వెనక్కి ఎప్పుడు తియ్యాలో, ముందుకు ఎప్పుడు పెట్టాలో ఖాళీ చేతులతో చూపిస్తూ చెబుతుండగానే కల్వర్టు దాటిపోయి ఎమ్మిగనూరు వచ్చింది.